నూతులు పూడ్చకండి

సంపాదకులకు నమస్కారం.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మా మీద పడ్డప్పుడు పెదవాల్తేరులోనే ఉన్నాం. గాలి తగ్గింది గానీ కరెంటు రోజుల తరబడి రాలేదు. మోటారు తిరగకపోతే బోరులో నీళ్లున్నా లేనట్టే. మూడో రోజుకి మేడ మీద ట్యాంకు అడుగంటింది.

వీధి చివర ఎవరూ పట్టించుకోని పాత నుయ్యి ఒకటి ఉండేది. మా వారు ఎక్కడినుంచో గిలక, చేంతాడు తెచ్చి దానికి బిగించారు. తెల్లారి నాలుగింటికే బిందెలు వరుస కట్టేవి. తాడు ఒరుసుకుని నా అరచేతులు బొబ్బలెక్కాయి. పక్కింటమ్మాయి చేద ఎన్నిసార్లు వేసినా అది నీళ్ల మీద తేలిపోయేది. మా అత్తగారు తాడందుకుని ఒక్క విదిలింపుతో చేద బోర్లించి ముంచి చూపించారు. ఎనభై ఏళ్ల మనిషి! తాగే నీళ్లు కాచుకున్నాం, మిగతా పనులన్నీ నూతి నీళ్లతోనే.

మొన్న మా మనవడిని తొట్లకొండ తీసుకెళ్లాను. ఎదురుగా అంత సముద్రం, గుక్కెడు తాగడానికి పనికిరాదు. రెండువేల ఏళ్ల కిందట అక్కడున్న బౌద్ధ భిక్షువులు బండ తొలిచి తొట్లు చేసుకుని వాన నీళ్లు పట్టుకున్నారు. కొండకి ఆ పేరు ఆ తొట్ల వల్లే వచ్చింది. దగ్గర్లోని బావికొండ పేరు కూడా అలాంటిదే. అంతకు ముందెప్పుడో, గుజరాత్‌లోని సింధు నాగరికత నాటి నగరం ధోలావీరాలో వానాకాలంలోనే పారే రెండు వాగులకు అడ్డుకట్టలు వేసి, ఆ నీళ్లను పెద్ద పెద్ద జలాశయాల్లోకి మళ్లించుకున్నారు. వాన ఎప్పుడూ ఒక్కలా పడదని తెలిసి ముందే దాచుకున్నవాళ్లు వాళ్లు.

మరి మనం? మా వీధి నూతిని రాళ్లూ రద్దూ పోసి పూడ్చేశారు. ఇప్పుడు దాని మీద బైకులు పెడుతున్నారు. దోమలొస్తాయి, పిల్లలు పడిపోతారు అన్నారు. ఆ భయం నిజమే, నాకూ మనవలున్నారు. కానీ పైన ఇనుప వల వేసి, లోపల దోమ పిల్లల్ని తినేసే గంబూషియా చేపలు వదిలితే సరిపోయేది కదా!

అక్టోబరు, నవంబరు మనకి తుపాన్ల నెలలు. ఈలోగా వార్డుకి ఎన్ని నూతులు మిగిలాయో అధికారులు లెక్క తీయించి, పూడిక తీయించి, వలలు వేయించాలి. ఒక్కోదానికి ఒక గిలక చాలు. మా గిలక ఇంకా మేడ మెట్ల కింద నూనె రాసి ఉంది. ఏ వీధివాళ్లు అడిగినా ఇచ్చేస్తాను.

ఒక రిటైర్డ్ టీచరు,
పెదవాల్తేరు, విశాఖపట్నం