4000 మొక్కలు వద్దు బావా

ఒహాయో
జూలై 9

బావా, నమస్కారం.

ప్లాస్టిక్ షీటు కప్పి కట్టించిన పది గుంటల పాలీహౌస్‌లో 4000 టమాట మొక్కలు పెడతానని నర్సరీవాడితో మాట్లాడి వచ్చారట, అక్క చెప్పింది. "అంత డబ్బు పోసి కట్టించి, మధ్యలో నేల ఖాళీగా వదలమంటారా" అన్నారట కూడా. ఫోన్‌లో వాదనకు దిగితే మీదే పైచేయి, పెళ్లయినప్పటి నుంచీ చూస్తున్నా. అందుకే ఉత్తరం రాస్తున్నా. అక్కతో చదివించుకోండి, మధ్యలో ఆపకండి. బోనాల హడావుడి అయ్యాక తీరిగ్గా చదివినా పర్లేదు, నారు ఆర్డరు మాత్రం అప్పటిదాకా ఖాయం చెయ్యకండి.

ముందు మా సంగతి చెప్తా. మేమిక్కడ అమెరికాలో పండించేది హై టన్నెల్‌లో. పేరు విని ఏదో అనుకునేరు. ఇనుప పైపులు వంచి నాటి, మీద ప్లాస్టిక్ షీటు కప్పుతారు, అంతే. రెండు పక్కలా షీటుని పిడి తిప్పి పైకి చుట్టేయొచ్చు. లోపల హీటరు ఉండదు, ఫ్యాను ఉండదు, మొక్క నేలలోనే. మా టన్నెల్ ఒక్కోటీ 30 అడుగుల వెడల్పు, 96 అడుగుల పొడవు. బయట మే సగం దాకా మంచు భయం ఉంటుంది కాబట్టి లోపల ఏప్రిల్‌లోనే నాటేసి, జూన్ చివరికల్లా కాయ కోస్తాం. మీ పాలీహౌస్ కూడా ఫ్యాన్లు లేని రకమే కదా. ఆ లెక్కన ఇద్దరిదీ ఒకటే బాధ, గాలి దానంతటది ఎంత ఆడితే అంతే. మీకు ఇంకో చిక్కు కూడా ఉంది. తెల్లదోమ రాకుండా పక్కలకు నెట్టు కట్టారు. అది తప్పదు, లేకపోతే ఆకుముడత వైరస్ పూతకు ముందే తోటను ఊడ్చేస్తుంది. కానీ దోమను ఆపే నెట్టు గాలినీ ఆపుతుంది. మేం పక్కలు ఎత్తితే ఈ వైపు గాలి ఆ వైపుకి పోతుంది, మీకు అలా పోదు. కాబట్టి మొక్కల మధ్య ఎడం నాకంటే మీరే ఎక్కువ ఇవ్వాలి.

ఇప్పుడు లెక్కకు వద్దాం, బ్యాంకులో పనిచేసిన మనిషి కదా మీరు. టన్నెల్‌లో మొక్కలు లెక్కపెట్టరు బావా, కాండాలు లెక్కపెడతారు. ఒక మొక్కను ఒకే కాండంగా దారానికి పాకించొచ్చు, లేదా రెండు కాండాలు వదలొచ్చు. ఎలా పెంచినా ఒక్కో కాండానికి సుమారు 4 చదరపు అడుగుల చోటు కావాలి, బాటలతో కలిపే. మేం వరుసకీ వరుసకీ 5 అడుగులు, మొక్కకీ మొక్కకీ అడుగున్నర వదిలి రెండు కాండాలు పెంచుతాం. అంటే మొక్కకు ఏడున్నర చదరపు అడుగులు, కాండానికి నాలుగుకు కాస్త తక్కువ. ఒకే కాండం పెంచేవాళ్లు అదే వరుసలో అడుగుకు కాస్త తక్కువ ఎడంతో పెడతారు. కాబట్టి ఎడం ఎంత అనేదీ, ప్రూనింగ్, అంటే పక్కన లేచే పిలకలు తీయడం, ఎలా అనేదీ రెండు ప్రశ్నలు కావు. నాటే రోజే రెండూ కలిపి తేల్చుకోవాలి.

మీ పది గుంటలంటే దాదాపు 10,890 చదరపు అడుగులు. నాలుగుతో భాగించండి, 2,700 కాండాలు. ఒకే కాండమైతే 2,700 మొక్కలు, రెండేసి అయితే 1,350. మీ 4000 మొక్కలు ఒక్కో కాండంతో పెంచినా జాగా చాలదు, కూలీ దొరక్క పిలకలు నాలుగు వారాలు తీయకపోతే ఇక అడవే. నా మాట వింటే 2,600 కాండాలు దాటకండి. నెట్టు ఉంది కాబట్టి ఆ వంద తగ్గించి చెప్తున్నా.

రెండు కాండాలా, ఒకటా? పాలీహౌస్ హైబ్రిడ్ విత్తనానికి గింజ లెక్కన డబ్బు కడతాం, కాబట్టి రెండు కాండాలైతే ఆ ఖర్చు సగం. కాయ కొంచెం చిన్నది అవుతుంది, మొదటి కోత కొంచెం ఆలస్యమవుతుంది. మన బజారులో చేతికి సరిపడే నడిమి కాయే ఎక్కువ పోతుంది, పావుకిలో కాయ ఎర్రగడ్డ రైతుబజారులో ఎవరికి కావాలి? అందుకని గుత్తికి నాలుగు కాయలే వదలాలని ఇక్కడ చేసే పిందె తెంపుడు కూడా మీకు అక్కర్లేదు. నేనైతే రెండు కాండాలకే ఓటేస్తా. మొదటిసారి కాబట్టి ఓ నాలుగు వరుసలు ఒకే కాండంతో పెట్టి పోల్చుకోండి, వచ్చే ఏడాది నాతో వాదించడానికి మీ దగ్గర సరుకు ఉంటుంది.

అన్నిటికంటే ముందు నర్సరీవాణ్ని ఒక్క మాట అడగండి. ఆ రకం ఎదుగుతూనే పోయేదా, లేక కొంత ఎత్తుకి ఆగిపోయేదా? శంకర్‌పల్లి, చేవెళ్ల వైపు బయటి పొలాల్లో వేసేవి చాలావరకు గుబురుగా పెరిగి, ఒక ఎత్తుకి వచ్చాక ఆగే రకాలు. వాటికి కాపు పక్క కొమ్మల మీదే వస్తుంది. దానికి ఒకే కాండం ప్రూనింగ్ చేస్తే పంటను మనమే కోసి పారేసినట్టు. ఆ రకమైతే మొదటి పూగుత్తి కింద ఉన్న పిలకలు మాత్రమే తీయాలి, అందులోనూ గుత్తికి ఆనుకుని కింద ఉన్నదాన్ని వదిలెయ్యాలి, ఆపైన ముట్టుకోకూడదు. దారానికి వేలాడదీసి పెంచే పని మొత్తం ఎదుగుతూ పోయే రకానికే. విత్తనాల ప్యాకెట్ మీద రాసి ఉంటుంది, ఫొటో తీసి నాకు పంపండి.

ఇక పిలకలు. ఆకు కాడకీ కాండానికీ మధ్య పంగలో నుంచి లేస్తుంది పిలక. వేలంత ఉన్నప్పుడు బొటనవేలూ చూపుడువేలూ మధ్య పట్టుకుని ఒక పక్కకి వంచితే టక్కున విరిగి వస్తుంది, చిన్న తడి చుక్క మిగులుతుంది, మధ్యాహ్నానికి అది ఎండిపోతుంది. జానెడు పెరిగాక తీస్తే కాండం చర్మంతో సహా చీరుకుని వస్తుంది, ఆ పుండులోకి బూజు దిగుతుంది. అందుకే వారానికి ఒకసారి ప్రతి వరుసా నడవాలి, ఎండ బాగా ఉన్న నెలల్లో రెండుసార్లయినా సరే. కత్తెర వద్దు. కత్తెరతో ఒక జబ్బు మొక్కను ముట్టుకున్నాక దాని రసం వరుస చివరిదాకా పాకుతుంది. వేళ్లతో విరిచేటప్పుడు వేళ్లు గాయాన్ని పెద్దగా ముట్టుకోవు. తప్పనిసరై కత్తెర వాడితే మొక్కకీ మొక్కకీ మధ్య స్పిరిట్‌లో ముంచాలి, ఆ ఓపిక ఎవరికుంటుంది చెప్పండి.

రెండో కాండంగా ఏ పిలకను వదలాలి అంటే, మొదటి పూగుత్తికి ఆనుకుని కింద లేచేదాన్ని. అన్నిట్లో బలమైనది అదే, అసలు కాండంతో పోటీపడి సమానంగా ఎదుగుతుంది. దానికి వేరే దారం కట్టి ఇంగ్లీషు వై అక్షరంలా విడదీయండి. మిగతావన్నీ పోవాలి. దారం కాండం చుట్టూ ఎప్పుడూ ఒకే దిక్కుకి తిప్పమని పనివాళ్లకి చెప్పండి. ఒకరు కుడికి, ఒకరు ఎడమకి తిప్పితే తర్వాత వారం సరిచేయబోయి తల విరుస్తారు.

రెండు వరుసలు నడిచేసరికి చేతులు ముందు ఆకుపచ్చగా, తర్వాత నల్లగా జిగురుపట్టి పోతాయి. సబ్బు రాస్తే నురగ పసుపుపచ్చగా వస్తుంది. కంగారు పడకండి, అది టమాట నూగులోని రసమే. చొక్కాకి అంటితే మాత్రం పోదు, అక్క చేత తిట్లు ఖాయం. పాత చొక్కాలు తీసి పెట్టుకోండి.

పనివాళ్లలో బీడీ కాల్చేవాళ్లూ, ఖైనీ నలిపేవాళ్లూ ఉంటే వాళ్ల చేతులు సబ్బుతో కడిగించాకే లోపలికి పంపండి. పొగాకులో ఉండే మొజాయిక్ వైరస్ టమాటకీ అంటుతుంది, చేతుల మీదుగానే. ఇక్కడ కొన్ని గ్రీన్‌హౌసుల్లో పాలపొడి కలిపిన నీళ్లలో చేతులు ముంచి పని మొదలుపెడతారు, పాలలో ప్రోటీన్ ఆ వైరస్‌ను పనిచేయనివ్వదు. ఈ ముక్క అక్కని గబగబా చదివేయమనండి, లేకపోతే పాలు వృథా చేస్తారని గొడవ పెడుతుంది.

పొద్దున్నే పని చెయ్యాలి, కానీ మంచు తడి ఆరాక. తడి ఆకుల మధ్య తిరిగితే తెగుళ్లను మనమే మోసుకెళ్తాం. సెప్టెంబరు ముసురు రోజుల్లో లోపలికి వెళ్లి ఏదో ఒకటి పీకాలనిపిస్తుంది, పీకకండి. అప్పుడే ఆకుల మీద పసుపుపచ్చ మచ్చలు, తిప్పి చూస్తే అడుగున ఆలివ్ రంగు మఖమల్ లాంటి బూజు కనపడుతుంది. దాన్ని లీఫ్ మోల్డ్ అంటారు. గాలిలో తేమ 85 శాతం దాటి, గాలి కదలకపోతే దానికి పండగ. మందు కొట్టేముందు కింది ఆకులు తీసి, గాలి ఆడనివ్వండి. మొదటి గుత్తి పండటం మొదలయ్యాక దాని కిందున్న ఆకులన్నీ నిదానంగా తీసెయ్యొచ్చు, మట్టికి అడుగెత్తు వరకూ ఏ ఆకూ ఉండకూడదు. వారానికి మొక్కకు రెండు మూడు ఆకులకు మించి తీయకండి.

ఇక్కడ మాత్రం మా పద్ధతిని మీరు కాపీ కొట్టకూడదు. ఒహాయోలో వేసవి పొద్దు పదిహేను గంటలు ఉన్నా ఎండలో మన హైదరాబాద్ కాక లేదు. మేం ఆకు పలచగా చేస్తాం, కాయకు వెలుగు తగిలితే మంచిదే. మీరు ఆగస్టు చివర్లో నాటితే కాపు నవంబరులో మొదలై మార్చిదాకా వస్తుంది. చలికాలంలో సరే, కానీ ఫిబ్రవరి సగం నుంచి ఎండ ఎక్కుతుంది. అప్పటికే ఆకంతా తీసేసి ఉంటే కాయ భుజం మీద తెల్లటి కాగితంలాంటి మచ్చ పడుతుంది, ఎండదెబ్బ. దాన్ని ఏ వ్యాపారీ తీసుకోడు. అందుకే సంక్రాంతి తర్వాత కింది ఆకులు మాత్రమే తీయండి, పైన కాయను కప్పే ఆకుల జోలికి వెళ్లకండి. పిలకల్లో కూడా కొన్నింటిని ఒక్క ఆకు వదిలి తల మాత్రం తుంచండి, నీడ పెరుగుతుంది. షీటు మీద షేడ్‌నెట్ వేయాల్సి వస్తే అప్పుడే వేయండి. పగలు 32 డిగ్రీలు దాటి, రాత్రి 22 పైన నిలిస్తే పుప్పొడి పనిచేయడం తగ్గి పూత రాలుతుంది. దానికి కత్తిరింపూ చెయ్యగలిగింది లేదు, మందూ చెయ్యగలిగింది లేదు. మార్చి చివరికి పంట ముగించాలనుకుంటే ఫిబ్రవరి రెండో వారంలో ఆఖరి పూగుత్తి పైన రెండు ఆకులు వదిలి తలలు తుంచెయ్యండి. పత్తికి మనవాళ్లు చేసే పనే. పూసిన పువ్వు పండటానికి ఆరేడు వారాలు పడుతుంది, ఆ తర్వాత పూసేదంతా వృథా.

నెట్టు లోపలికి తేనెటీగలు రావు, గాలి తక్కువ. టమాట పువ్వు తనలో తనే పరాగం చేసుకుంటుంది గానీ కదపాలి. ఉదయం పదీ పన్నెండు మధ్య పై తీగను కర్రతో తట్టుకుంటూ వరుస పొడవునా నడవండి, చాలు. మనవడికి ఈ పని అప్పజెప్పొచ్చు, నచ్చుతుంది.

పాలీహౌస్‌లో ఏటా టమాటే వేస్తే రెండో మూడో పంటకి నేలలో నులిపురుగులు, ఎండుతెగులు చేరతాయి. అప్పుడు వంకాయ వేరు మీద టమాట అంటు కట్టిన నారు పనికొస్తుంది. ఈ పనిలో ఎన్నో ఏళ్లుగా ఉన్న ప్రపంచ కూరగాయల కేంద్రం వాళ్ల దక్షిణాసియా కార్యాలయం పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఆవరణలోనే ఉంది. మియాపూర్ నుంచి మీకు ఎంత దూరం? ఒకసారి కనుక్కోండి. అంటు నారు ధర ఎక్కువ కాబట్టి దానికి రెండు కాండాలు వదలడమే లాభం. నాటేటప్పుడు అంటు కట్టిన చోటు మట్టిలో పూడిపోకూడదని గుర్తుంచుకోండి, పూడితే పైనున్న టమాట మట్టిలోకి తన సొంత వేళ్లు వేస్తుంది, డబ్బు దండగ. జీడిమెట్లలో ఉద్యాన శాఖ వాళ్ల సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్‌లో కూడా పాలీహౌస్ పంటలు చూడొచ్చు. నా మాట నమ్మకపోతే అక్కడ ఒక వరుసలో ఎడం టేపుతో కొలిచి రండి.

2023 జూలైలో కిలో 100 దాటిన సంగతి మీరు ప్రతిసారీ గుర్తు చేస్తారు. ఆ ఏడాది ధరను చూసి మొక్కల సంఖ్య తేల్చకండి. ధర ఎవరికీ చెప్పి లేవదు, ఎడం మాత్రం మన చేతిలో ఉంది.

నా స్నేహితుడొకడు ఆగస్టు మొదటి వారంలో కూకట్‌పల్లి వస్తున్నాడు. వాడి చేతికి ఒక డబ్బా టమాట క్లిప్పులు ఇచ్చి పంపుతున్నా, కాండాన్ని దారానికి పట్టి ఉంచేవి, 23 మిల్లీమీటర్ల సైజు. అక్కడా దొరుకుతాయి, ఇవి నమూనాకి. ఆకు కాడ కింద పెట్టాలి, పూగుత్తి కింద పెడితే కాయ బరువుకి గుత్తి విరుగుతుంది. ఆ డబ్బాలో అక్కకి ఇంకేమీ లేవు, అడగొద్దని చెప్పండి. వాడి నంబరు అక్క ఫోన్‌కి పంపుతా, ఆదివారం వెళ్లి తెచ్చుకోండి.

మీ బావమరిది