మండువాకు మూత వేయొద్దు

సంపాదకుడు గారికి,

కోనసీమలో తాతల నాటి మండువా లోగిళ్లను (నడిమధ్య పైకప్పు లేకుండా ఆకాశానికి తెరిచి ఉండే మండువా చుట్టూ గదులున్న ఇళ్లను) కూల్చకుండా, పిల్లాపాపలతో ఉండేలా బాగుచేయించుకుంటున్న వారిని మెచ్చుకోవాల్సిందే. అటాచ్డ్ బాత్రూం, ఏసీ కావాలనుకోవడంలో తప్పేం లేదు. పెరటి వైపు వసారాలో బాత్రూం సర్దుకోవచ్చు. కానీ జల్లు కొడుతోందని మండువా పైన ప్లాస్టిక్ రేకులు బిగించేస్తున్నారు! వేడిగాలి పైకి పోయే దారే అది. మూసేశాక ఇల్లంతా ఉక్కపోతే.

మా ఊళ్లో ఒకరు సున్నపు గోడలకు సిమెంటు పూత పూయించారు. గోడలోని చెమ్మ బయటికి పోయే వీల్లేక, రెండు వానాకాలాలు తిరక్కుండానే అరచేతి వెడల్పు పెచ్చులు ఊడాయి. పాత గోడకు సున్నమే వేయాలి. గానుగ సున్నం (ఇసుకతో కలిపి గానుగలో నూరిన సున్నం) పని తెలిసిన మేస్త్రీలు దొరకడం కష్టమే, కాదనను. న్యాక్ (నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్) లాంటి నిర్మాణ శిక్షణ సంస్థలు ఈ పనిపై దృష్టి పెట్టాలి.

– ఒక పాఠకుడు, అమలాపురం