ఉప్పు ప్యాకెట్ మీద హెచ్చరిక తెలుగులో ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

బీపీ ఉన్నవాళ్లు పొటాషియం తీసుకుంటే మంచిదన్న మాట ఈమధ్య ఎక్కడ చూసినా వినిపిస్తోంది. మాట అబద్ధం కాదు. కానీ దాని వెంట చెప్పాల్సిన ఇంకో మాట ఎవరూ చెప్పడం లేదు. అది తెలియక మా ఇంట్లో ఏం జరిగిందో రాస్తున్నాను.

మా అమ్మకు 66 ఏళ్లు. పదేళ్లుగా బీపీ. రోజూ పొద్దున్నే టెల్మిసార్టాన్ 40 వేసుకుంటుంది. నిరుడు వేసవిలో మా పెద్దమ్మ కూతురు హైదరాబాద్ నుంచి వస్తూ లో సోడియం ఉప్పు (మామూలు ఉప్పులో కొంత భాగం బదులు పొటాషియం క్లోరైడ్ కలిపినది) రెండు ప్యాకెట్లు, పొటాషియం బిళ్లల డబ్బా ఒకటి తెచ్చింది. పిన్ని మీద ప్రేమతోనే తెచ్చింది. అమ్మ శ్రద్ధగా వాడింది. ఆ ఉప్పుతో కూర చప్పగా ఉందని ఇంకో అర చెంచా ఎక్కువే వేసేది. మావి కొబ్బరి తోటలు, ఎండాకాలం రోజుకో బొండాం ఎలాగూ ఉంటుంది, ఆ నీళ్లలోనూ పొటాషియం ఉంటుంది. మూడు వారాలు గడిచాక ఒకరోజు పూజ ముగించుకుని పీట మీంచి లేవబోయి లేవలేకపోయింది. కాళ్లలో సత్తువ లేదంది. ఎండదెబ్బేమో అనుకుని మజ్జిగ ఇచ్చి పడుకోబెట్టాం. సాయంత్రానికి గుండె ఆగి ఆగి కొట్టుకుంటోందంటే ఆస్పత్రికి పరుగెత్తాం.

ఈసీజీ చూడగానే డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న: "పొటాషియం ఏమైనా వాడుతున్నారా?" రిపోర్టులో 6.8 వచ్చింది. ఉండాల్సింది సుమారుగా 3.5 నుంచి 5 మధ్య. అది మరీ పెరిగితే గుండె ఆగిపోవచ్చట. వెంటనే నరానికి కాల్షియం ఎక్కించారు, తర్వాత గ్లూకోజ్‌తో పాటు ఇన్సులిన్ ఇచ్చారు. "నాకు షుగర్ లేదు కదా బాబూ, ఇన్సులిన్ ఎందుకు?" అని అమ్మ అంత నీరసంలోనూ అడిగింది. రక్తంలో ఉన్న పొటాషియాన్ని ఇన్సులిన్ కణాల్లోకి తోసేస్తుందని ఆయన ఓపిగ్గా చెప్పారు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ అనే రక్తపరీక్షలో 1.9 వచ్చిందని, అది ఎక్కువేనని కూడా ఆరోజే తెలిసింది. అమ్మ కిడ్నీలు ఎప్పటి నుంచి నీరసించాయో మాకు తెలియనే తెలియదు. పదేళ్లలో బీపీ వందసార్లు చూపించి ఉంటాం, ఆ పరీక్ష ఒక్కసారీ చేయించలేదు.

ఒంట్లో ఎక్కువైన పొటాషియాన్ని బయటికి పంపే పని ప్రధానంగా కిడ్నీలదే. అవి దెబ్బతింటే అది రక్తంలోనే పేరుకుంటుంది. టెల్మిసార్టాన్, లోసార్టాన్ లాంటి "సార్టాన్" మందులు, రామిప్రిల్, ఎనాలాప్రిల్ లాంటి "ప్రిల్" మందులు, స్పైరనోలాక్టోన్ కూడా పొటాషియాన్ని పోనివ్వవు. అంటే బీపీకి పొటాషియం మంచిదని సలహా ఇస్తున్నది సరిగ్గా ఈ మందులు వాడే మనుషులకే! (ఇది చదివి ఎవరూ బీపీ బిళ్ల ఆపేయకండి. మా అమ్మకు కూడా డాక్టరు మందు మార్చారే గానీ మానేయమనలేదు.)

మా మామయ్యది ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. ఆయన బీపీకి క్లోర్‌థాలిడోన్ వాడతారు. అది మూత్రంలో పొటాషియాన్ని బయటికి పంపేసే మందు. రాత్రిళ్లు పిక్కలు పట్టేస్తుంటే పరీక్ష చేశారు, 2.9 వచ్చింది. డాక్టరే పొటాషియం సిరప్ రాసి, నీళ్లలో కలుపుకుని తాగమని, వారం తర్వాత మళ్లీ పరీక్షకు రమ్మన్నారు. ఇద్దరికీ ఉన్నది బీపీయే, ఒకరికి మందైనదే ఇంకొకరి ప్రాణం మీదికి తెచ్చింది. రక్తపరీక్ష లేకుండా ఎవరికి ఏది పనికొస్తుందో పక్కింటివాళ్లు ఎలా చెప్పగలరు?

లో సోడియం ఉప్పు చెడ్డదని నేననడం లేదు. చైనాలో 600 గ్రామాల్లో దాదాపు 21 వేల మంది మీద ఐదేళ్ల పాటు చేసిన అధ్యయనం 2021లో వెలువడింది. ఉప్పులో పావు వంతు పొటాషియం క్లోరైడ్ కలిపి వాడినవాళ్లలో పక్షవాతం 14 శాతం తక్కువగా వచ్చింది. అది చిన్న మేలు కాదు. కానీ తీవ్రమైన కిడ్నీ జబ్బు ఉందని తెలిసినవాళ్లను అందులో చేర్చుకోలేదు. 2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇలాంటి ఉప్పు వాడమని చెబుతూనే గర్భిణులను, పిల్లలను, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లను మినహాయించింది. మన దాకా వచ్చేసరికి మొదటి సగమే మిగిలింది.

పావు వంతు పొటాషియం క్లోరైడ్ ఉన్న ఉప్పు ఒక చెంచా, అంటే 5 గ్రాములు తింటే సుమారు 650 మిల్లీగ్రాముల పొటాషియం ఒంట్లోకి వెళుతుంది. ఒక అరటిపండులో ఉండేది 400 దాకా. కిడ్నీలు బాగున్నవాళ్లకు ఇది లెక్కలోకే రాదు. డయాలసిస్‌కు వెళ్లేవాళ్లను అడగండి. పొటాషియం తగ్గాలని కూరగాయ ముక్కలు ఉడికించి, ఆ నీళ్లు వార్చేసి తింటారు.

నేనుండేది ఉద్దానంలో. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఏ మండలంలో చూసినా కిడ్నీ జబ్బుతో మంచం పట్టినవాళ్లున్నారు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి ప్రారంభించారు. జబ్బు ఎందుకొస్తోందో ఇప్పటికీ తేలలేదు. తమ కిడ్నీలు సగం పాడైన సంగతి తెలియకుండా తోట పనికి వెళుతున్నవాళ్లు ఎందరో. అలాంటి చోట కిరాణా కొట్లో ఈ ప్యాకెట్ "బీపీ ఉప్పు" అన్న పేరుతో అమ్ముడవుతోంది. హెచ్చరిక ఉందా అంటే ఉంది, వెనకవైపు, చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లో. అమ్మకు ఇంగ్లిష్ రాదు. చట్టం ప్రకారం లేబుల్ ఇంగ్లిష్‌లో గానీ హిందీలో గానీ ఉంటే చాలు, తెలుగు తప్పనిసరి కాదు. అమ్మేది మన ఊళ్లో, తినేది మనం. హెచ్చరిక కనీసం మనం చదవగలిగే భాషలో ఉండొద్దా?

ప్రభుత్వం ఆ నిబంధన మార్చాలి. కిడ్నీ జబ్బున్నవాళ్లు, సార్టాన్, ప్రిల్, స్పైరనోలాక్టోన్ మందులు వాడేవాళ్లు డాక్టర్ని అడగకుండా వాడొద్దని ప్యాకెట్ ముందువైపే పెద్ద అక్షరాల్లో తెలుగులో వేయించాలి. పొటాషియం సిరప్‌లు, బిళ్లలు చీటీ చూడకుండా ఇవ్వకూడదు. నెలనెలా బీపీ బిళ్లలు పంచే సిబ్బంది ఏడాదికి ఒక్కసారైనా క్రియాటినిన్, పొటాషియం పరీక్షలు చేయించాలి, కనీసం మా ఉద్దానంలోనైనా ఇది వెంటనే మొదలుపెట్టాలి.

మీ ఆరోగ్యం పేజీకి కూడా నాదో విన్నపం. పొటాషియం ఉన్న ఆహారం గురించి రాసిన ప్రతిసారీ, "ముందు కిడ్నీ పరీక్ష చేయించుకోండి" అన్న ఒక్క వాక్యం వేయండి. మా అమ్మ మీ పత్రిక రోజూ చదువుతుంది.

— ఒక పాఠకురాలు,
సోంపేట, శ్రీకాకుళం జిల్లా