పిల్లల సంచి తెరవవలసి వచ్చినప్పుడు

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

తరగతిలో ఏదైనా వస్తువు పోయినప్పుడు గాని, బడికి తేకూడని వస్తువు ఎవరి దగ్గరో ఉందని తెలిసినప్పుడు గాని పిల్లల సంచులను ఎవరు, ఎప్పుడు, ఎంతవరకు వెతకవచ్చో ఈ విద్యా సంవత్సరం నుంచి మన పాఠశాలలో రాతపూర్వకంగా నియమం పెట్టుకున్నాం. సోదా జరిగిన రోజు సాయంత్రం ఆ బిడ్డ ముఖం చూసేది మీరు కనుక, ఆ నియమాన్నీ దాని వెనక ఉన్న కారణాలనూ మీకు వివరంగా చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

నేను ఈ వృత్తిలోకి వచ్చిన తొలి రోజుల్లో, మరో పాఠశాలలో, ఆటల పీరియడ్ తరువాత ఒక అమ్మాయి చేతి గడియారం కనిపించలేదు. పిల్లలందరినీ నిలబెట్టి, సంచుల్లో ఉన్నవన్నీ బల్లల మీద కుమ్మరించమన్నాం. మూడో వరుసలో ఒక అబ్బాయి జామెట్రీ బాక్సు అడుగున నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి ఉంది. మడతల దగ్గర అరిగి చిరుగుపట్టిన ఆ కాగితంలో గడియారం ఉండదని చూడగానే తెలుస్తున్నా, నేను దాన్ని విప్పాను. అది ఇంటికి దూరంగా ఉంటున్న తండ్రి ఆ అబ్బాయికి రాసిన ఉత్తరం. నేను తిరిగి మడిచేలోగానే పక్కనున్న పిల్లలు రెండు వాక్యాలు చదివేశారు. మధ్యాహ్నానికల్లా ఆ రెండు వాక్యాలు తరగతి అంతటా పాకిపోయాయి. గడియారం సాయంత్రం కుళాయి గట్టు మీద దొరికింది. దొరికిందని అందరం ఊపిరి పీల్చుకున్నాం గాని, ఆ అబ్బాయికి ఎవరమూ క్షమాపణ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఆ ఏడాది పూర్తయ్యేదాకా అతను సంచిని బల్ల కింద పెట్టకుండా ఒళ్లో పెట్టుకునే పాఠాలు విన్నాడు.

ఆ రోజు మేము చేసిన తప్పు వెతకడం కాదు. ఏ ఒక్కరి మీదా అనుమానించడానికి ఆధారం లేకుండా అందరినీ వెతకడం, వెతికే వస్తువుతో సంబంధం లేనిదాన్ని కూడా విప్పి చూడడం, అదంతా నలుగురి ముందు చేయడం మా తప్పు. ఈ మూడు తప్పుల గురించీ లోకంలో న్యాయస్థానాలు, చట్టాలు ఏనాడో ఆలోచించాయి. ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 1989 నవంబరు 20న ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక 16వ అధికరణం, పిల్లల గోప్యతలోకి గాని వారి ఉత్తర ప్రత్యుత్తరాల్లోకి గాని ఇష్టానుసారంగా, చట్టవిరుద్ధంగా చొరబడకూడదని చెబుతోంది. పాఠశాల క్రమశిక్షణ బిడ్డ మానవ గౌరవానికి తగినట్లుగా ఉండాలని అదే ఒడంబడిక 28వ అధికరణం అంటోంది. బడి నలుగురూ తిరిగే చోటు కదా, అక్కడ గోప్యత ఏమిటని కొందరు అడుగుతుంటారు. గోప్యత మనిషిని అంటిపెట్టుకుని ఉంటుందని, నలుగురూ ఉన్న చోటికి వచ్చినంత మాత్రాన మనిషి దాన్ని వదులుకున్నట్లు కాదని భారత సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న ఇచ్చిన గోప్యతా హక్కు తీర్పులో ఉంది. ఆ తీర్పు బడి సంచుల గురించి ఇచ్చింది కాకపోయినా, ఈ మాట బడి గేటు దగ్గర ఆగిపోయేది కాదు.

పాఠశాలల్లో సోదాల గురించే నేరుగా విచారించిన తీర్పుల్లో అమెరికా సుప్రీంకోర్టు 1985లో న్యూజెర్సీ కేసులో ఇచ్చినది అన్నిటికన్నా ప్రసిద్ధమైనది. మరుగుదొడ్డిలో పొగ తాగుతూ పట్టుబడిన 14 ఏళ్ల అమ్మాయి చేతిసంచిని సహాయ ప్రధానోపాధ్యాయుడు వెతికాడు. ఆ సోదా సమంజసమేనని కోర్టు తేల్చింది. అయితే అదే తీర్పులో, బడిలోకి అడుగుపెట్టినంత మాత్రాన పిల్లలు తమ గోప్యతను పూర్తిగా వదులుకోరని చెబుతూ రెండు ప్రశ్నలు నిర్దేశించింది. సోదా మొదలుపెట్టడానికే సరైన కారణం ఉందా? ఉంటే, ఆ కారణానికి తగిన మేరకే, విద్యార్థి వయసునూ ఆడపిల్లా మగపిల్లవాడా అన్నదాన్నీ తప్పు తీవ్రతనూ దృష్టిలో పెట్టుకుని సోదా సాగిందా? కేసు రికార్డుల్లో ఆ అమ్మాయి పేరు రాయకుండా పొడి అక్షరాలతో మాత్రమే పేర్కొన్నారన్న సంగతి నాకు ఎప్పుడూ గుర్తుంటుంది. ఆమె తప్పు చేసిందని తేలిన కేసులోనూ ఆమె పేరును కాపాడారు.

రెండో ప్రశ్న ఎంత ముఖ్యమో 2009లో అదే కోర్టు అరిజోనా కేసులో చూపించింది. నొప్పి నివారణ మాత్రలు దాచిందన్న అనుమానంతో 13 ఏళ్ల బాలిక సంచినీ పైదుస్తులనూ చూసి, అక్కడ ఏమీ దొరకకపోయినా ఆగక, లోదుస్తుల దాకా వెళ్లారు. మాత్రలు దొరకలేదు. సంచినీ పైదుస్తులనూ వెతకడం వరకు తప్పు లేదని, ఆ తరువాత జరిగినది రాజ్యాంగ విరుద్ధమని కోర్టు 8-1 మెజారిటీతో చెప్పింది. ఇక 2020లో లండన్‌లోని హాక్నీలో 15 ఏళ్ల బాలికను గంజాయి అనుమానంతో పాఠశాల ఆవరణలోనే పోలీసులు బట్టలు విప్పించి సోదా చేశారు. తల్లిదండ్రులకు కబురు లేదు, ఆమె పక్కన తోడుగా పెద్దవారెవరూ లేరు. ఏమీ దొరకలేదు. ఆ సోదా అసలు జరిగి ఉండకూడదని 2022లో వెలువడిన సమీక్ష స్పష్టంగా చెప్పింది. పోలీసులను పిలిచేముందే ఉపాధ్యాయులు ఆమె సంచి చూశారని, అందులోనూ ఏమీ లేదని చదివినప్పుడు నా మనసు చివుక్కుమంది. అక్కడితో ఆగి, తల్లికి ఫోను చేసి ఉంటే సరిపోయేది.

అందుకే మన నియమం ఇలా ఉంది. ఫలానా విద్యార్థి దగ్గర ఫలానా వస్తువు ఉందని నమ్మడానికి చెప్పుకోదగిన ఆధారం ఉన్నప్పుడే ఆ విద్యార్థి సంచి తెరుస్తాం. ఎవరో అన్నారనో, గతంలో ఒకసారి తప్పు చేశాడనో, బెదురుగా చూస్తున్నాడనో తెరవం. తరగతి మొత్తాన్ని వరుసగా నిలబెట్టి వెతకడం ఇకపై ఉండదు. కారణం ముందుగా బిడ్డకు చెప్పి, నా గదిలో గాని మరో గదిలో గాని, ఇద్దరు ఉపాధ్యాయుల సమక్షంలో చూస్తాం. ఆడపిల్లల సంచిని ఉపాధ్యాయినులే చూస్తారు. జేబుల్లో ఉన్నవి బిడ్డే తీసి పెట్టాలి, మేము చేయి పెట్టం. ఒంటి మీది బట్టలు తీయించడం ఏ పరిస్థితిలోనూ ఉండదు. వెతికే వస్తువు దొరికినా, అది ఉండగల చోట్లు చూడడం అయిపోయినా అక్కడితో ఆగుతాం. మధ్యలో కనబడిన డైరీలు, ఉత్తరాలు, మందులు, నెలసరి వస్తువులు చదవం, తాకం, వాటి గురించి మాట్లాడం. జరిగినదంతా రిజిస్టరులో రాసి, ఏమీ దొరకకపోయినా సరే, అదే రోజు మీకు తెలియజేస్తాం.

బిడ్డ ఒప్పుకున్నాడు కదా అన్న మాటను మేము కారణంగా చూపించం. ‘ఏదీ, ఒకసారి సంచి చూపించు’ అని టీచరు అంటే కాదనగలిగిన పదేళ్ల పిల్లలను నేనింతవరకు చూడలేదు. అలాగే ఎవరైనా కాదంటే, ఆ కాదనడాన్నే నేరానికి రుజువుగా తీసుకోం.

ఫోను సంగతి వేరు. తరగతిలో వాడితే తీసుకుని సాయంత్రం మీ చేతికే ఇస్తాం గాని, దాన్ని తెరవం, లాక్ తీయమని అడగం. ఒక ఫోనులో ఆ బిడ్డవే కాక మీ ఇంటి ఫోటోలు, స్నేహితుల సందేశాలు, ఇంకెవరివో రహస్యాలు కూడా ఉంటాయి. అందులో నేరానికి సంబంధించినది ఏదో ఉందని గట్టి అనుమానం వస్తే, మిమ్మల్ని పిలిచి మీ ఎదుటే తదుపరి చర్య ఆలోచిస్తాం.

కత్తి వంటి ఆయుధం ఉందని తెలిసినప్పుడు మాత్రం ఇంత నెమ్మదిగా నడవడం కుదరదు. మిగతా పిల్లలను వెంటనే బయటికి పంపి, ఆ వస్తువును అదుపులోకి తీసుకుంటాం. అప్పుడు కూడా మీకు కబురు చేస్తాం. పోలీసులు రావలసి వస్తే, మీలో ఒకరు వచ్చేదాకా నేను బిడ్డను వదిలి కదలను.

మీకు ఒక విన్నపం. మీ పిల్లల వస్తువు పోయినప్పుడు ‘అందరి సంచులూ చూడండి’ అని ఉపాధ్యాయులను ఒత్తిడి చేయకండి. మీ బాధ నాకు అర్థమవుతుంది, వెతకడానికి మా ప్రయత్నం మేము చేస్తాం. అలాగే మీ బిడ్డ సంచి తెరవవలసి వచ్చిందని మేము చెప్పినప్పుడు, ముందుగా బిడ్డ చెప్పేది వినండి, ఆ తరువాత మమ్మల్ని ఏమైనా అడగండి. మీ బిడ్డకు సంబంధించిన రిజిస్టరు పుట మీరు అడిగిన వెంటనే చూపిస్తాం.

ఈ నియమం రాకముందు మన బడిలోనే జరిగిన సోదాల్లో మీ అబ్బాయి గాని అమ్మాయి గాని నొచ్చుకుని ఉంటే, ఎంత కాలమైనా సరే, దయచేసి నాకు చెప్పండి. బిడ్డను వెంటబెట్టుకుని రండి. చెప్పవలసిన క్షమాపణ ఉంటే ఆ బిడ్డకే చెబుతాను.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు