పాత తలుపు పీకే ముందు తడి ఎక్కడిదో చూడండి

సంపాదకులకు,

ఆదివారం మీ ఇంటి పేజీలో పాత ఇళ్లను సొంతంగా బాగు చేసుకోవడం గురించి వచ్చిన వ్యాసం చదివాను. చేతిపని తెలియని వాళ్లకు కూడా ధైర్యం చెప్పేలా రాశారు, సంతోషం. కానీ చెక్క దగ్గరికి వచ్చేసరికి వ్యాసం పొడుగునా ఒకటే మంత్రం: పాతది పీకేయండి, కొత్తది బిగించండి. చెక్క ఉబ్బుతుంది, పుచ్చిపోతుంది, చెద పడుతుంది కాబట్టి ప్లాస్టిక్ తలుపులు పెట్టుకుంటే టెన్షన్ ఉండదట. నేను రిటైరైన లెక్కల టీచర్ని. మా పాత ఇంట్లో తలుపులు, కిటికీలు, మేడమెట్లు, అటక అన్నీ చెక్కవే. ఉద్యోగం అయిపోయాక వాటి మరమ్మతు పని నేనే పెట్టుకున్నాను. ఈ సలహాతో నేను ఒప్పుకోను. చెక్క దానంతట అది పాడవదు. ఎక్కడి నుంచో దానికి తడి తగులుతూ ఉండాలి. ఆ తడి సంగతి చూడకుండా తలుపు మార్చేస్తే గోడకో, గచ్చుకో, పక్కనున్న దూలానికో అదే జబ్బు వస్తుంది.

చెక్కను కుళ్లబెట్టేది కొన్ని జాతుల బూజు. పూర్తిగా ఎండిన చెక్క బరువుతో పోల్చితే అందులోని నీరు దాదాపు 20 శాతం దాటనంతవరకు ఆ బూజు పెరగలేదు. ఇంట్లో పొడిగా ఉన్న చెక్కలో నీరు మామూలుగా అంతకంటే తక్కువే ఉంటుంది. చెద విషయం కూడా కాస్త ఇలాంటిదే. పొడి చెక్కలోనే కాపురం పెట్టే చెద జాతులు కొన్ని ఉన్నాయి, వాటి సంగతి వేరు. కానీ మట్టి గొట్టాలు కట్టుకుంటూ నేలలోంచి పైకి వచ్చే రకం తేమ లేకుండా బతకదు. అందుకే ద్వారబంధం అడుగు పుచ్చిందంటే ముందు చుట్టూ చూడాలి. పైన పెంకు పగిలిందా? వాననీటి గొట్టం గోడ మీదికే కారుతోందా? బయటి గచ్చు వాలు ఇంటివైపు ఉందా? దూలమైతే నడుమ ఎంత గట్టిగా ఉన్నా సరే, గోడలో దూరిన రెండు కొసలనూ అనుమానించాలి. తడి పట్టేది అక్కడే, గాలి తగలనిదీ అక్కడే.

ఈ సందర్భంలో గోడ గురించి ఒక మాట చెప్పాలి. మీ వ్యాసంలో పెచ్చులూడిన పాత గోడకు సిమెంటు పూత పూయమన్నారు. పోర్ట్‌లాండ్ సిమెంటుకు ఇంగ్లండులో పేటెంటు ఇచ్చిందే 1824లో. అది ఊళ్లలోకి రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది. అంతకుముందు సున్నంతోనో మట్టితోనో కట్టిన గోడలు లోపలికి వచ్చిన తేమను పూతలోంచి మెల్లగా బయటికి వదిలేస్తాయి. వాటి మీద గట్టి సిమెంటు పూత వేస్తే తేమ వెళ్లే దారి మూసుకుపోతుంది. చివరికి ఆ గోడలో ఉన్న దూలం కొసే దాన్ని పీల్చుకోవాలి. పైకి గోడ నున్నగా కనిపిస్తుంది, లోపల దూలం నానుతుంది. సున్నపు గోడకు సున్నపు పూతే వేయమని రాసి ఉంటే బాగుండేది.

మా పెరటి తలుపు ద్వారబంధం చూసిన వాళ్లంతా చెద పట్టిందన్నారు, మొత్తం మార్చేయమన్నారు. స్క్రూడ్రైవర్ కొసతో కింది నుంచి పైకి పొడుచుకుంటూ వెళ్లాను. అడుగున జానెడు మేర మెత్తగా దిగింది. ఆ పైన ఎక్కడా దిగలేదు, తడితే ఖణేల్‌మంది. అంటే మనిషంత ఎత్తున్న చట్రంలో పాడైంది జానెడే. కారణం వెతికితే బయట తర్వాతెప్పుడో వేసిన గచ్చు చట్రం వైపు వాలి ఉంది. కడిగిన నీళ్లన్నీ వెళ్లి దాని పాదం దగ్గరే నిలుస్తున్నాయి. ముందు ఆ గచ్చు వాలు మార్పించి, చట్రాన్ని ఆరనిచ్చాను. ఆరడానికి ఒక ఎండాకాలం పట్టింది.

ఆ తర్వాతే రంపం తీశాను. పుచ్చు ఆగిన చోటుకు ఇంకాస్త పైన, గట్టి చెక్కలోకి ఏటవాలుగా కోశాను. అడ్డంగా తిన్నగా కోస్తే అతుకుకు జిగురు పట్టే మేర తక్కువ. పైగా చెక్క కోసిన కొసల్లో జిగురు సరిగా నిలవదు. ఏటవాలు కోతలో రెండు ముక్కల నార పక్కపక్కన ఆనుతుంది, అతుకు పొడుగ్గా వస్తుంది. కొత్త ముక్క నార కూడా పాతదాని దిశలోనే, నిలువుగా ఉండేలా చూసుకోవాలి. చెట్టు నడిమి చేవ ముక్కే ఎంచుకోవాలి. బెరడు కింది తెల్ల చెక్క తేలిగ్గా పుచ్చుతుంది. అమర్చే ముందు ముక్క అడుగుకు రంగు బాగా పట్టించాను. చెక్క నీటిని ఎక్కువగా తాగేది కోసిన కొసల్లోంచే. దాన్ని నేలకు తగలనివ్వకుండా కింద చిన్న రాతిపలక పెట్టాను. ఈ పద్ధతి నేను కనిపెట్టింది కాదు లెండి. జపాన్‌లోని హోర్యూజీ ఆలయంలో దాదాపు 1300 ఏళ్ల నాటి చెక్క కట్టడాలు ఇంకా నిలిచి ఉన్నాయి. స్తంభం పాదం పాడైతే పాడైనంత మేర కోసేసి కింద కొత్త చెక్క అతికే విద్య ఆ దేశపు వడ్రంగులకు వెన్నతో పెట్టినది.

ఇదంతా చదివి, వడ్రంగిని పిలిస్తే పోయేదానికి ఎందుకింత యాతన అనుకునే వాళ్లుంటారు. వడ్రంగులంటే నాకు గౌరవం. ఉలి పట్టడం నేర్చుకున్నదే ఒక పెద్దాయన దగ్గర. కానీ ఆయనే చెప్పేవాడు, కొత్త తలుపుకు ఇంత అని బేరం కుదురుతుంది, పాతదాన్ని బతికించడానికి పట్టే గంటలకు ఎవరూ లెక్క కట్టరని. చెక్క ఆరేదాకా కూలికి వచ్చిన మనిషి కూర్చోలేడు. పచ్చి పలక అంగుళం మందానికి ఏడాది ఆరాలని పాతకాలం లెక్క. ఆ ఇంట్లో కాపురముండే వాళ్లు మాత్రమే అంత నిదానంగా పని చేయగలరు. సొంతంగా చేసుకోమని నేను చెప్పేది డబ్బు మిగులుతుందని కాదు, ఆగగలిగేది మనమే కనుక.

ఇక ఉబ్బే తలుపు. వానల్లో తలుపు బిగుసుకోగానే చాలామంది అంచుకు చిత్రిక పట్టేస్తారు. ఎండలు రాగానే అక్కడ సందు పడుతుంది, వేలు దూరుతుంది. దయచేసి ముందు బందులు చూడండి. తలుపును సగం తెరిచి, గడియ ఉన్న వైపు పట్టుకుని పైకి ఎత్తండి. కదిలిందంటే పై బందు మరలు వదులయ్యాయి, తలుపు తన బరువుకు ముందుకు వాలింది. దానికి చిత్రిక ఎందుకు? మరలు తీసి, ఆ బెజ్జాల్లో గట్టి చెక్క పుల్లను జిగురు పెట్టి దిగ్గొట్టి, ఆరాక అందులో సన్న బెజ్జం చేసి మర మళ్లీ బిగిస్తే సరిపోతుంది. ఇంకా పట్టేస్తుంటే ద్వారబంధం ఐమూలలు కొలవండి. ఎదురు మూలల మధ్య దూరాలు రెండూ సమానమైతేనే చట్రం మూలమట్టానికి ఉన్నట్టు. పైథాగరస్ సిద్ధాంతం జీవితంలో ఎక్కడ పనికొస్తుందని పిల్లలు అడిగినప్పుడల్లా ఏదో ఒకటి చెప్పేదాన్ని. ఇప్పుడైతే తలుపు మూల చూపిస్తాను: మూల నుంచి ఒక అంచున 60, రెండో అంచున 80 సెంటీమీటర్ల దగ్గర గీతలు పెట్టి, ఆ గీతల మధ్య 100 వస్తే మూల సరిగ్గా ఉన్నట్టే.

చెక్క ఎంత కదులుతుందో తెలిస్తే చాలా పనులు తప్పుతాయి. పొడవునా చెక్క దాదాపు మారదు. మారేది అడ్డంగానే. పచ్చి చెక్క పూర్తిగా ఎండేసరికి, దుంగలోని వలయాల వెంబడి సుమారు 8 శాతం, నడిమి నుంచి బెరడు వైపు అందులో సగం కుంచించుకుంటుంది. జాతిని బట్టి ఈ అంకెలు మారతాయి, నిష్పత్తి మాత్రం ఇంచుమించు అదే. పాత తలుపుల్లో నడిమి పలకలను చట్రం గాడిలో ఊరికే కూర్చోబెట్టడం ఇందుకే. వాటికి జిగురు పెట్టరు, మేకు కొట్టరు, పలక గాడిలో అటూ ఇటూ జరగడానికి చోటు వదులుతారు. మనం చేసేదేమిటంటే, గాడి సందులో లప్పం కూరి, దాని మీద నాలుగు పూతలు పెయింట్ కొట్టి, పలకను కదలకుండా బంధిస్తాం. కదలడానికి వీల్లేక అది నిలువునా చీలుతుంది. ఆ చీలికలో మళ్లీ లప్పం పెడతాం! మా ముందుగది తలుపు గాడుల్లోంచి గట్టిపడ్డ లప్పం గీకి తీశాక, చీలిన పలక ముక్కలు రెండూ చేతితో నెడితేనే దగ్గరికి వచ్చేశాయి. వాటిని ఒకదానికొకటి అతికి, గాడిని మాత్రం ఖాళీగా వదిలేశాను.

పనిముట్ల గురించి మీ వ్యాసంలో ఇచ్చిన జాబితా చూస్తే కొత్తవాళ్లకు గుండె ఆగుతుంది. పదునైన ఉలి, సన్న పళ్ల రంపం, చిన్న చిత్రిక, మూలమట్టం, రెండు క్లాంపులు, సానరాయి. పైన చెప్పిన పనులకు ముఖ్యంగా కావలసినవి ఇవే. ఉలి సాన పట్టడం ముందు నేర్చుకోవాలి. మొద్దు ఉలిని బలంగా నెట్టాల్సి వస్తుంది, జారి చెయ్యి తెగేది అప్పుడే.

అన్నీ మనమే చేయాలన్న పంతం నాకు లేదు. కప్పు మోసే దూలం కొస పుచ్చితే ఇంజనీరుకు చూపించకుండా ఒక మేకు కూడా పీకను. కరెంటు పని ముట్టుకోను. మేడ మీద గోడ కొట్టే ఆలోచన ఉన్నవాళ్లు నా ఉత్తరం చదివి ఉత్సాహపడకండి, అది వేరే పని.

చోటు లేక ఈ ఉత్తరాన్ని కత్తిరించాల్సి వస్తే పైన ఎక్కడైనా కత్తిరించండి, ఇక్కడ నుంచి మాత్రం వద్దు. పాత పెయింట్‌ను మెషిన్‌తో అరగదీసి, మొండిగా ఉంటే మంటతో కాల్చి తీయమని మీ వ్యాసంలో ఉంది. పాత ఇళ్ల పెయింట్లలో సీసం ఉండే అవకాశం ఎక్కువ. అమెరికాలో ఇళ్లకు వాడే పెయింట్లలో దాన్ని నిషేధించింది 1978లో. చాలా దేశాల్లో హద్దులు ఇంకా ఆలస్యంగా వచ్చాయి. సీసం ఇంత వరకైతే ప్రమాదం లేదనే హద్దు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చిన్నపిల్లల మెదడుకు అది చేసే హాని తర్వాత సరిదిద్దలేనిది. పొడిగా అరగదీస్తే ఆ ధూళి ఇల్లంతా పరుచుకుంటుంది, కాలిస్తే పొగలో కలుస్తుంది. పెయింట్‌ను తడిపి, కింద ప్లాస్టిక్ పట్టా పరచి, చేత్తో గీకాలి. సన్న ధూళిని ఆపే మాస్కు పెట్టుకోవాలి, గుడ్డ ముక్క చాలదు. పిల్లల్నీ గర్భిణులనూ ఆ పని జరిగే వైపు రానివ్వకూడదు. ఆ బట్టలు విడిగా ఉతకాలి. మాస్కు ఉత్త చెక్క అరగదీసేటప్పుడూ ఉండాల్సిందే, చెక్క ధూళిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే క్యాన్సర్ కారకాల్లో చేర్చింది. ఇంకొకటి, చెక్కకు అవిసె నూనె పట్టించమన్నారు, మంచిదే. కానీ ఆ నూనె గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయని రాయలేదు. వాటిని బయట విడివిడిగా పరచి ఆరేయాలి, లేదా నీళ్లలో ముంచి మూతపెట్టిన రేకు డబ్బాలో ఉంచాలి.

మీ వ్యాసం చదివి ఈ సెలవుల్లో పని మొదలుపెట్టేవాళ్లు ఉంటారు. వచ్చే ఆదివారం లోపే, అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో ఈ సవరణ వేయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
ఒక రిటైర్డ్ లెక్కల టీచర్