గ్రంథాలయ వసారాలో పిల్లలకు వారానికి రెండు గంటలు ఇవ్వండి

సంపాదకులు గారికి నమస్కారం.

గుంటూరు జిల్లాలోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ఇరవై ఎనిమిదేళ్లు క్రాఫ్టు టీచరుగా పనిచేశాను. పదవీ విరమణ చేసి ఆరేళ్లయింది. సెలవులు మొదలయ్యేలోపు ఈ ఉత్తరం మీ పత్రికలో వస్తే, గ్రంథాలయాల్లో వేసవి విజ్ఞాన శిబిరాలు నడిపేవారి కంట పడుతుందన్న ఆశతో రాస్తున్నాను.

మొన్న ఒక పుస్తకాల దుకాణంలో ఏడో తరగతి చదివే అబ్బాయినీ, వాళ్ళ అమ్మనూ చూశాను. బడిలో ప్రాజెక్టు అడిగారట, తెల్లవారేసరికి ఇవ్వాలట. థర్మోకోలుతో చేసిన గుండె నమూనా కొంటున్నారు. దుకాణంలో గుండెలు, అగ్నిపర్వతాలు, సౌర కుటుంబాలు వరుసగా పేర్చి ఉన్నాయి. ఆ తల్లిని నేను తప్పు పట్టను. పని ముగించుకుని రాత్రి ఏడింటికి ఇల్లు చేరే మనిషి ఏం చేస్తుంది? అయితే ఆ అబ్బాయి గుండెను రెండు చేతులతో పట్టుకుని మెట్లు దిగుతూ, ఒకచోట అతుకు ఊడుతున్నట్టుంటే ఆగి వేలితో నొక్కాడు. ఊడింది. మళ్ళీ నొక్కాడు. అలా మూడుసార్లు. ఆ పిల్లవాడికి చెయ్యాలని ఉంది. చేసుకోవడానికి చోటు లేదు, పక్కన కూర్చుని చేసే తోడు లేదు.

నేను అడుగుతున్నది ఈ రెండే. ఊళ్లోని శాఖా గ్రంథాలయంలోనో, బడిలోనో వారానికి రెండు గంటలు ఒక చోటు పిల్లలకు వదలండి. అక్కడ పదిమంది పిల్లలు కలిసి ఒక వస్తువు తయారు చేసుకునే సంఘాలు పెట్టండి. పోటీలు వద్దు, బహుమతులు వద్దు, మార్కులు అసలే వద్దు.

పోయిన వేసవిలో గ్రంథపాలకుడి అనుమతితో మా వీధి చివరి గ్రంథాలయం వసారాలో పదకొండు మంది పిల్లలను కూర్చోబెట్టాను. తోలుబొమ్మలాట ఆడదామన్నారు. మేకతోలు ఎక్కడ తెస్తాం? ఇంటింటికీ తిరిగి పాత పెళ్లి శుభలేఖలు పోగుచేశారు. ఆ అట్ట గట్టిగా ఉంటుంది, వంగదు. తోలులా వెలుగును మాత్రం రానివ్వదు కనుక, నగలూ కిరీటమూ ఉన్నచోట దబ్బనంతో చిల్లులు పొడిచారు. తెరకు మా ఇంట్లోని పాత పంచె. కథ లంకాదహనం. ఎవరు ఏ బొమ్మ చెయ్యాలో తేల్చుకోవడానికే ఒక రోజంతా పట్టింది. ఆ వాదులాటలో నేను తలదూర్చలేదు.

చిక్కంతా హనుమంతుడి మోచేతి దగ్గర వచ్చింది. పై ముక్కకు, కింది ముక్కకు చిల్లు పెట్టి దారం దూర్చి, రెండు వైపులా ముడి వెయ్యాలి. ముడి బిగిస్తే చెయ్యి కదలదు, వదులైతే ఊగులాడుతుంది. నువ్వుగింజంత సందు ఉండాలి. ఒక్కరే చేస్తే కుదరని పని. ఒకరు రెండు ముక్కలను కదలకుండా పట్టుకోవాలి, ఇంకొకరు ముడి వెయ్యాలి. బొమ్మ గీసిన అమ్మాయి తరగతిలో మొదటి వరుసలో కూర్చునే పిల్ల. నాలుగుసార్లు వేసి, నాలుగుసార్లు విప్పి, కళ్లనీళ్లు పెట్టుకుంది. అప్పటిదాకా గోడకు చేరగిలి చూస్తున్న అబ్బాయి ఒకడు లేచి వచ్చి, "పట్టుకో అక్కా" అని దారం అందుకున్నాడు. వాళ్ళ నాన్న కృష్ణలో చేపలు పడతారు. వల అల్లేటప్పుడు వేసే ముడి వాడికి వచ్చు. ఒక్కసారికే కుదిరింది. హనుమంతుడు చెయ్యెత్తాడు. వసారాలో ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత బొమ్మలన్నిటి కీళ్లకూ ముడులు వేయించుకోవడానికి వాడి చుట్టూ మూగారు. వాడు అందరికీ తానే వెయ్యకుండా నేర్పాడు. మూడో రోజుకు ఆ అమ్మాయి తానే ముడి వేస్తోంది, రావణుడి పది తలలు ఒకే అట్ట మీద ఎలా సర్దాలో వాడు ఆమెను అడుగుతున్నాడు.

ఆ అబ్బాయిని లెక్కల్లో వెనకబడ్డవాడిగానే బడికి తెలుసు. వాడి దగ్గర ఉన్న విద్య బయటపడాలంటే, దానితో పదిమందికి అవసరం పడే పని ఒకటి ఉండాలి. నా సర్వీసులో నేను పెట్టిన క్రాఫ్టు పీరియడ్లలో అటువంటి అవసరం రాలేదు. నలభై మందితో నలభై కాగితం పువ్వులు చేయించేదాన్ని, అన్నీ ఒకేలా. ఎవరి పువ్వు వారిది, ఎవరి మార్కు వారిది. ఎవరికీ ఎవరితో పని పడేది కాదు. అది నా లోపమే. ఇన్నేళ్ల తర్వాత ఈ ఉత్తరం రాయించింది కూడా అదే.

నిజానికి మన పిల్లలకు ఇది కొత్త కాదు. ముంజలు తిన్నాక మిగిలిన బుర్రలకు పుల్ల గుచ్చి, బండి కట్టి వీధులు తిప్పిన తరం ఇంకా ఉంది. ఒకరు బుర్రలు తెస్తే, ఒకరు పంగల కర్ర వెతికేవారు. మద్రాసులో 1940లో రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు గారు, రేడియో అక్కయ్య కామేశ్వరి గారు ఆంధ్ర బాలానంద సంఘం పెట్టారు. ఆట, పాట, నాటకం అన్నీ పిల్లలే కలిసి చేసుకునేలా నడిపారు. వారిని చూసి ఎన్నో ఊళ్లలో బాలానంద సంఘాలు వెలిశాయి. ఢిల్లీలో 1956లో జాతీయ బాలభవన్ వచ్చింది. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లో జవహర్ బాలభవన్ ఉంది. అటువంటిది నగరంలో ఒకటి ఉంటే చాలదు, చిన్న ఊళ్ల పిల్లలు అంత దూరం పోలేరు.

చట్టం కూడా మన వైపే ఉంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు వందమందికి మించి పిల్లలున్న బడిలో చిత్రకళకు, వ్యాయామ విద్యకు, పని విద్యకు పార్ట్‌టైమ్ బోధకులు ఉండాలి. 2020 జాతీయ విద్యావిధానం ఆ తరగతుల పిల్లలు పది రోజులు సంచీ లేకుండా వచ్చి వడ్రంగి, తోటమాలి, కుమ్మరి వంటివారి దగ్గర పని చూడాలని చెప్పింది. మన రాష్ట్రంలో శనివారాలను నో బ్యాగ్ డేగా ప్రకటించారు. సంతోషమే. కానీ సంచీ లేని పిల్లవాడి చేతికి ఏమిస్తున్నామన్నది ఒక్కో బడిలో ఒక్కో తీరుగా ఉంది. కొన్నిచోట్ల ఆ పూట కూడా పాత పాఠమే చదివిస్తున్నారు.

పిల్లలు పరికరాలతో సొంతంగా ప్రయోగాలు చేసుకునేందుకు బడుల్లో కేంద్రం పెట్టే అటల్ టింకరింగ్ ల్యాబుల సంగతి ఇక్కడ చెప్పాలి. 2016లో మొదలైన ఈ పథకంలో ఒక్కో బడికి 20 లక్షల రూపాయల వరకు ఇస్తారు. వచ్చే ఐదేళ్లలో ప్రభుత్వ బడుల్లో మరో 50,000 పెడతామని 2025 బడ్జెట్‌లో కేంద్రం ప్రకటించింది. మంచి పథకం, నేను కాదనను. కానీ నేను చూసిన ఒక ల్యాబులో త్రీడీ ప్రింటరు మీద గుడ్డ కప్పి ఉంది, గదికి తాళం ఉంది, ఏదైనా పాడైతే తన మీదకు వస్తుందన్న భయం ఆ టీచరు ముఖంలో ఉంది. పాడవుతుందన్న భయం ఉన్నచోట పిల్లలు ఏదీ చెయ్యలేరు. పనికిరాని వస్తువులతో బొమ్మలు చేయించి సైన్సు నేర్పే అరవింద్ గుప్తా గారు సైకిలు వాల్వు ట్యూబు ముక్కలతో అగ్గిపుల్లలు కలిపి త్రిభుజాలు, చతురస్రాలు, ఇళ్ల చట్రాలు కట్టించేవారు. చతురస్రాన్ని వేలితో నొక్కితే ఒరుగుతుంది, త్రిభుజం ఒరగదు. ఇంటి పైకప్పు కింద కర్రలు త్రికోణంగా ఎందుకు పెడతారో ఆ వేలికి తెలిసిపోతుంది. ఆ పనికి 2018లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. ఖర్చు ఒక అగ్గిపెట్టె, మూరెడు వాల్వు ట్యూబు.

గ్రంథాలయాలనే ఎందుకు అడుగుతున్నానంటే, అవి అన్ని బడుల పిల్లలకూ ఉమ్మడి చోటు. ఫీజు కట్టే బడి పిల్లలు, సర్కారు బడి పిల్లలు ఒకే చాప మీద కూర్చునే తావులు ఇప్పుడు ఎన్ని మిగిలాయి? పైగా అవి మన డబ్బుతో నడుస్తున్నాయి. 1960 నాటి చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతున్నాం. వేసవి శిబిరాలతో పిల్లలు రావడం ఎలాగూ అలవాటైంది. కథలు చెప్పడం, చదివించడం అలాగే సాగనివ్వండి. వాటి పక్కన ఒక పెట్టెలో నాలుగు కత్తెరలు, రెండు సుత్తులు, ఒక చిన్న రంపం, సూదులు, దబ్బనం, పురికొస పెట్టండి. జిగురు మైదాతో ఇంట్లోనే కాచుకోవచ్చు. జూన్‌లో బడులు తెరిచాక ఆపేయకుండా ప్రతి ఆదివారం కొనసాగించండి.

నేర్పేవారికి కొదవ లేదు. మా పక్కనే తెనాలి ఉంది. పాత బైకు చెయిన్లు, నట్లు, బోల్టులు అతికించి మనిషికి రెండింతల విగ్రహాలు నిలబెట్టే శిల్పులు అక్కడ ఉన్నారు. శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే కుటుంబాలున్నాయి, ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ప్రతి ఊళ్లోనూ వడ్రంగి ఉన్నాడు, దర్జీ ఉన్నాడు. వారిని పిలిచినప్పుడు శాలువా కప్పి పంపకుండా, ఆ పూట కూలి లెక్కగట్టి ఇవ్వాలని నా మనవి. పని మానుకుని వస్తారు వారు.

కత్తెరంటే, రంపమంటే తల్లిదండ్రులకు భయం ఉంటుంది. అర్థం చేసుకోగలను. పదిమందికి ఒక పెద్ద మనిషి కూర్చోవాలి, పదేళ్లలోపు పిల్లలకు రంపం ఇవ్వకూడదు, దూదీ మందూ దగ్గర ఉండాలి. పోయిన వేసవిలో మా పదకొండు మందిలో ఒక పిల్లకు దబ్బనం గుచ్చుకుని రక్తపు చుక్క వచ్చింది. పక్కనున్న అమ్మాయే కడిగి గుడ్డ కట్టింది. మర్నాడు ఇద్దరూ అందరికంటే ముందు వచ్చారు. ఇంకొక్క మాట. రంపం మగపిల్లలకు, సూది ఆడపిల్లలకు అని పంచవద్దు.

ఆట ఆడిన రోజు సాయంత్రం వీధిలో వాళ్లు కుర్చీలు తెచ్చుకుని మరీ కూర్చున్నారు. ఆ బొమ్మలు ఇప్పుడు మా ఇంటి అటకమీద అట్టపెట్టెలో ఉన్నాయి. దారిలో కనిపించినప్పుడల్లా పిల్లలు "మళ్ళీ ఎప్పుడు టీచర్" అని అడుగుతున్నారు. పనిముట్ల పెట్టె నా దగ్గర సిద్ధంగా ఉంది. వసారా తాళం తీసి ఇస్తే వచ్చే ఆదివారమే మొదలుపెడతాను.

ఇట్లు,
ఒక విశ్రాంత క్రాఫ్టు ఉపాధ్యాయురాలు,
గుంటూరు జిల్లా