ఆషాఢమని మెయిళ్ళు బంద్ పెట్టకుండ్రి

ఎడిటర్ గారికి నమస్తే,

మా పుట్టపాక దిక్కు తేలియా రుమాల్ (నూనెల నానబెట్టిన నూలుతోటి నేసే బట్ట), డబుల్ ఇక్కత్ చీరలు ఆన్‌లైన్ల అమ్మే పోరగాండ్లు మస్తుమంది అయిండ్రు. దసరాకు ఆఫర్ మెయిల్ కొడితే ఆర్డర్లు వస్తయి, ఆషాఢంల గిరాకీ ఉండదు, ఇగ దండగ అని మెయిళ్ళు మొత్తానికే బంద్ పెడ్తున్నరు, నాకైతే గదే నష్టం అనిపిస్తది. శ్రావణంల పెండ్లిళ్ళు మొదలైతే కొనేటోళ్ళకు మన పేరు యాదికుండాలె కదా.

అట్లని రోజూ కొడితే స్పాంల ఏస్తరు. రోజుకు 5000 పైన మెయిళ్ళు పంపేటోళ్ళు ఒక్క నొక్కుతోనే ఆపుకునే లింకు పెట్టాలని 2024ల జీమెయిల్ రూలు తెచ్చింది, మనం అంత పెద్దోళ్ళం కాదు గానీ పెడితే పోయేదేముంది. ఎంతమంది తెరిసిన్రో చూసి మురుసుడు కూడా వద్దు, 2021 నుంచి ఆపిల్ మెయిల్ల ప్రైవసీ సెట్టింగ్ పెట్టుకుంటే మనిషి చూడకున్నా చూసినట్టే లెక్క వస్తది. ఆర్డర్లు, జవాబులు లెక్కవెట్టుకోవాలె. నేనైతే తగ్గింపు రాయకుండా నూలును నూనె, ఆముదం కాయల బూడిద నీళ్ళల్ల నానబెట్టే ఫొటో పంపిన, వాసన పోతదా అని అడిగినోళ్ళే తర్వాత కొన్నరు.

చేనేత ట్రైనింగులల్ల ఈ ముచ్చట కూడా చెప్పిస్తే బాగుంటది.

- ఒక పాఠకుడు, నల్లగొండ